పద్మ కోసం ఆగిన బొమ్మల సినిమా

మా చిన్నప్పుడు... కాశిబుగ్గలోకి సినిమా కంటే ముందు రిక్షా వచ్చేది. రెండు పక్కలా పోస్టర్లు కట్టి, పైన మైకు పెట్టి, సందు ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేది. మగ్గాల చప్పుడులోంచి పాట వినపడగానే చేతిలో పని వదిలేసి ఉరికేవాళ్లం. ‘మేం’ అంటే నేను, ఎదురింటి పద్మ.

ఆ రోజు పోస్టర్ మీద మనుషులే లేరు... అన్నీ బొమ్మలే. ఒక చెక్క గుర్రం, కీ ఇస్తే డప్పు కొట్టే కోతి, గౌను వేసుకున్న గుడ్డబొమ్మ. ఇవే మాట్లాడతాయి, ఇవే పాడతాయి అని మైకులో చెబుతున్నారు. గీసిన బొమ్మలు ఎలా పాడతాయో మాకు అంతు చిక్కలేదు. కింద ఎర్ర అక్షరాలతో ‘త్వరలో’ అని ఉంది. తేదీ లేదు.

రిక్షా ఆయన మా సందు మొదట్లోనే రికార్డు పెట్టేవాడు. పల్లవి అయిపోయి చరణం అందుకునేసరికి మలుపు తిరిగిపోయేవాడు. రోజూ అంతే. మలుపు దాకా ఉన్న పాటంతా మాకు నోటికి వచ్చేసింది. "మిగిలింది సినిమాల ఇందాం తియ్" అనేది పద్మ.

మాకు కొన్న బొమ్మలు లేవు. మగ్గం కింద రాలిన నూలు పోగులు ఏరి తల చేసి, జడ అల్లి, చీర అంచు ముక్క చుట్టేవాళ్లం. నా బొమ్మది ఎర్ర జడ, పద్మ బొమ్మది పచ్చ జడ. సినిమాకు వాటిని కూడా తీసుకుపోవాలని, ఒళ్లో కూర్చోబెట్టుకుని వాటి సినిమా వాటికి చూపించాలని మా ఇద్దరి ఏర్పాటు.

‘త్వరలో’ ఇంకా అలాగే ఉండగానే పద్మ వాళ్లు రైల్లో పోయే దూరపు ఊరు భివండీకి కదిలారు. చేనేత చీరలు అమ్ముడుపోవడం లేదు, అక్కడైతే సాంచెల మీద పని దొరుకుతుందన్నారు. సాంచె అంటే కరెంటు మగ్గం. పొద్దున్నే రిక్షాలోకి ట్రంకుపెట్టె ఎక్కిస్తుంటే పద్మ తన పచ్చజడ బొమ్మను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది నీకాడ ఉండనియ్. అమాస నాడు నాయినకు సెలవుంటది గద... సినిమా వచ్చినంక వచ్చే అమాసకు నేనొస్త. నువ్వొక్కదానివే సూడకు. ఒట్టు."

ఒట్టు వేశాను.

అమావాస్య నాడు మా వాళ్లెవరూ మగ్గం ముట్టరు. తలస్నానాలు చేసి ఇంటిపట్టున ఉంటారు. నెలంతటికీ మగ్గాలకు ఉన్న సెలవు అదొక్కటే. లోకమంతటికీ అదే సెలవు అనుకున్నాం ఇద్దరం... భివండీకి కూడా.

పద్మ పోయాక నాకు ఏమీ తోచేది కాదు. బడికి ఒక్కదాన్నే. అష్టాచెమ్మా గీసుకుని రెండు వైపులా నేనే ఆడేదాన్ని. గెలిచినా నేనే, ఓడినా నేనే... పోట్లాడటానికి కూడా మనిషి లేదు. సాయంత్రం రిక్షా వస్తే మలుపు దాకా పాట పాడుకుంటూ పోయి, ఒక్కదాన్నే వెనక్కి వచ్చేదాన్ని.

ఒక శుక్రవారం సినిమా వచ్చేసింది. ‘త్వరలో’ మీద ‘నేడే’ అని కాగితం అంటించారు. అమావాస్య ఇంకా తొమ్మిది రోజులుంది.

అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతూ రోజూ అడిగేది, "పోదామా బిడ్డా?" అని. పద్మ వచ్చినంక అనేదాన్ని. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. బడిలో ఎవరైనా కథ చెప్పబోతే చెవులు మూసుకునేదాన్ని. గురువారం అమ్మ రాట్నం ఆపి మరీ చెప్పింది.

"ఇయ్యాల ఆఖరట. రేపటి సంది వేరే సినిమా ఏస్తాండ్రు. జర తయారుగా, నేను తోల్కపోత."

పోదాం అనే మాట గొంతు దాకా వచ్చింది. కానీ నేనొక్కదాన్నే చూసేస్తే పద్మ ఇక రాదేమో అని భయం వేసింది. వద్దన్నాను.

ఆదివారం అమావాస్య. మగ్గాలన్నీ ఆగాయి. తలస్నానం చేసి, పండగ గౌను వేసుకుని, రెండు బొమ్మలనూ పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. సినిమా పోతే పోయింది, పద్మ వస్తే చాలనుకున్నాను. ప్రతి రిక్షా గంటకూ లేచి నిలబడ్డాను. అమ్మ అన్నం అరుగు మీదికే తెచ్చింది. పొద్దు వాలింది.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. పచ్చజడ బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు.

"ఆడ సాంచెలకు అమాస ఉండది బిడ్డా," అన్నాడు. "ఇయ్యాల గూడ వాళ్ల నాయిన పనిలనే ఉంటడు."

అప్పుడు ఏడ్చాను. మా అమావాస్య, పద్మ వాళ్ల అమావాస్య ఇక ఒకటి కాదని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఎన్ని అమావాస్యలు పోయినా పద్మ రాలేదు. ఆ ఇంట్లోకి వేరే ఎవరో వచ్చారు.

మొన్న మా మనవరాలు ఫోన్ పట్టుకుని వచ్చింది. పెద్ద తెర మీదికి ఏదో బొమ్మల సినిమా రాబోతోందట, అంతా పాటలేనట. సినిమా ఇంకా రానే లేదు, మా పిల్లకు పాటలన్నీ చివరిదాకా నోటికి వచ్చేశాయి. నా సంగతి చెబితే, ఆ సినిమా పేరు అడిగి నిమిషంలో ఫోన్‌లో దాన్ని తెచ్చి ముందు పెట్టింది. అదే చెక్క గుర్రం, అదే కోతి... పిల్ల దాన్ని నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకు నానమ్మా అంది. ఒట్టు వేశానని ఈ వయసులో ఎలా చెప్పను?

ఇప్పుడు దేనికోసమూ ఆగే పని లేదు... అన్నీ అరచేతిలోకి వచ్చేశాయి. మీరూ ఎవరి కోసమైనా ఏదైనా ఆపుకుని ఉంటే రాయండి, చదువుతాను.

నా ఎర్రజడ బొమ్మను ఎలుకలు ఎప్పుడో కొట్టేశాయి. పచ్చజడ బొమ్మ మాత్రం బీరువాలో భద్రంగా ఉంది. మీలో భివండీ వాళ్లెవరైనా ఉంటే, కాశిబుగ్గ నుంచి వచ్చిన పద్మ అనే ఆమె తెలిసి ఉంటే, జర చెప్పండి... నేను ఇంకా ఆ సినిమా చూడలేదని. అమావాస్య దాకా కూడా ఆగక్కర్లేదు, ఏ రోజు వచ్చినా సరే.