కోళ్ళను కాసిన నల్లకుక్క

మొన్న సూర్యలంకలో ఒక కుక్క, అలల్లోకి పరిగెత్తే పిల్లల చుట్టూ తిరిగి వాళ్ళని వెనక్కి మళ్ళిస్తోంది. దాని తడిబొచ్చు వాసనకి నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది.

కోతలయ్యాక మా ఊరి పొలాల్లో ఎరువు కోసం గొర్రెల మందల్ని ఉంచేవారు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న మా పెరట్లోకి మంచుకి తడిసిన నల్లకుక్క దూరింది. నాయనమ్మ కర్ర ఎత్తింది.

"కోళ్ళదొంగ! ఫో అవతలికి!"

నేను అడ్డం నిలబడ్డాను. "దొంగ కాదు నాయనమ్మా, మందకుక్క! దాని చూపు చూడు, మా సండేస్కూల్ టీచరమ్మ చూపే!"

టీచరమ్మ ఎప్పుడూ అరవదు. కాస్త వంగి చూస్తే చాలు, అందరం వరసలోకొచ్చేవాళ్ళం. ఈ కుక్క కూడా మొరగలేదు. నేలకి ఒంగి, కన్నార్పకుండా, కోళ్ళన్నిటినీ ఒక మూలకి చేర్చి ఎదురుగా కూర్చుంది. ఒక్క ఈక రాలలేదు. దీనికీ టీచరమ్మే నేర్పిందనుకున్నాను.

ఇంతలో దాన్ని వెతుక్కుంటూ వచ్చిన గొర్రెలకాపరి నా మాట విన్నాడు. "మా మందకుక్కేనమ్మా. పాప భలే పోల్చిందండి!"

నాయనమ్మ కర్ర పారేసి దానికి చద్దన్నం పెట్టింది. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

సూర్యలంకలో కుక్క యజమాని నన్ను చూసి, "భయపడకండమ్మా, కరవదండి" అన్నాడు.

"తెలుసండి," అన్నాను. "టీచరమ్మ కరవదు."