నాలుగు నట్ల మహాదేవమ్మ మేడం

మా హెడ్మిస్ట్రెస్ మహాదేవమ్మ గారు రోడ్డు మీద పంక్చరైన బండి కనబడితే దాటి పోలేరు. కారు ఆపుతారు. ఆపి సాయం చేస్తారనుకునేరు! చెయ్యరు. గొడుగు వేసుకుని పక్కన నిలబడి, ఆ బండి యజమాని చేతనే టైరు మార్పిస్తారు.

నేను లెక్కల మాస్టారిని, పేరు ఉమామహేశ్. డోన్ నుంచి పత్తికొండ దారిలో ఉన్న మా హైస్కూలుకు ఆమె పాత ఆల్టోలో ఆరేళ్ళుగా తిరుగుతున్నాను. మొదటి రోజు నేను ఎక్కబోతే ఆమె తలుపు తియ్యలేదు.

"సార్, టైరు మార్చేది వచ్చునా?"

"రాదు మేడం. ఇప్పుడు ఫోన్ చేస్తే కంపెనీవాళ్ళే వచ్చి మార్చిపోతారు కదా."

"వాళ్ళొచ్చేకి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"నలభై నిమిషాలంటే ఒక పీరియడ్ సార్! ఆ సంచి ఈడ పెట్టండి."

బాగున్న టైరును విప్పించి, మళ్ళీ అదే టైరును బిగింపించారు. ఆ రోజు నల్లటి చేతులతో క్లాసుకు వెళ్తే, "కొత్త సారు మెకానిక్కా?" అని పిల్లలు గుసగుసలాడుకున్నారు.

"నాలుగు నట్లే గదప్పా, దానికేమి భయం?" అన్నది ఆమె ఊతపదం. ఒక పెద్ద ఆఫీసరు గారితో కూడా అదే మాటన్నారు. ఆయన బండి చక్రానికి ఐదు నట్లున్నాయి. ఐదోది కూడా ఆయన చేతనే విప్పించారు.

ఇంకోసారి ఆలూరు వైపు వెళ్తుంటే పూలు కట్టిన కారొకటి ఒరిగి నిలబడి ఉంది. పక్కన పట్టుబట్టలతో పెండ్లికొడుకు.

"డ్రైవరు యాడప్పా?"

"ఇంకో కారు తెచ్చేకి పోయినాడు మేడం."

"ముహూర్తం?"

"గంట ఉండాది."

"టైరు మార్చేకి ఇరవై నిమిషాలు శానా ఎక్కువ. రా నాయనా."

"మేడం, నేను పెండ్లికొడుకును!"

"అందుకే చెప్తాండా. రేపట్నుంచి సంసారం మొయ్యాల. స్టెప్నీ మొయ్యలేవా?"

అతని పూలదండ నా మెడలో పడింది, ఉంగరాలు నా జేబులోకి వచ్చాయి. పట్టుపంచె ఎగగట్టి పాపం చెమటలు కక్కుతూ మార్చాడు, ముహూర్తానికి అందుకున్నాడు. తలంబ్రాల ఫోటో తర్వాత నాకు వాట్సాప్‌లో వచ్చింది. బియ్యం తెల్లగా, చేతులు నల్లగా, ముఖం నిండా గర్వం.

ఈ ధాటికి ఆ దారిలో మనుషులు పంక్చరును జబ్బులా దాచుకోసాగారు. ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం ఒకాయన తన కారు చక్రానికి అడ్డంగా, కట్టుకున్న లుంగీని రెండు చేతులా చాపి నిలబడ్డాడు.

"ఏమప్పా, ఎండలో నిలబడినావు?"

"ఏం ల్యా మేడం. గాలికి నిలబడినా."

"నీకు గాలి ఉండాది గానీ, దానికి ల్యా. లుంగీ తీసి పక్కకు రా," అని చెప్పి, ఆయన బిత్తరపోయేసరికి, "అడ్డం తియ్యమంటాండా!" అని సర్దుకున్నారు.

మీకెందుకు మేడం ఈ తంటా అని ఒకసారి అడిగాను. "రోడ్డు పక్కన ఊరికే నిలబడినోళ్ళ మొగాలు చూసినారా సార్? బిక్కచచ్చి ఉంటారు. చేతికి పని తగిలిందంటే భయం పోతాది," అన్నారు.

అలాంటి మనిషి మొన్న మార్చిలో నన్ను నిలువునా ఆశ్చర్యంలో ముంచేశారు.

ఒంటిపూట బడి ముగించుకుని వస్తున్నాం. డోన్ పొలిమేరలో లారీలు ఆగే టీ బంకు దగ్గర కారు నిలిపి, "మీరు టీ చెప్పండి సార్, ఫోన్ మాట్లాడి వస్తా," అన్నారు. నేను గ్లాసులతో తిరిగి వచ్చేసరికి ముందు టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. నేను గ్లాసులు కింద పెట్టి చొక్కా చేతులు మడిచాను.

"ఆగండి సార్. కంపెనీకి ఫోన్ చేసినా."

నా చెవులను నేను నమ్మలేదు. "మీరా? ఫోనా?"

"టీ తాగండి."

ఇరవై నిమిషాల్లో మోపెడ్ మీద పనిముట్ల పెట్టెతో ఇరవయ్యేళ్ళ అమ్మాయి దిగింది. చూస్తే మా బడిలో చదివిన శివజ్యోతి! బంకు దగ్గర కూర్చున్న లారీ డ్రైవర్లు పదిమందీ లేచి వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు సోమన్న గట్టిగానే అన్నాడు: "ఆడపిల్లను పంపినారే! నిన్న ఇదే పిల్లను ఒక కారాయన ఈడ్నించే వెనక్కి పంపినాడు."

అమ్మాయి ముఖం వాడిపోయింది. మేడం వైపు చూసింది. మేడం గొడుగు తీసి ఆ పిల్ల తల మీద పట్టారు.

శివజ్యోతి వెనక చక్రానికి రాయి పెట్టింది. జాకీ ఎత్తకముందే నట్లు వదులు చెయ్యడం మొదలుపెట్టింది. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదలలేదు. సోమన్న చెయ్యి చాపి ముందుకు వచ్చాడు. మేడం అతని వైపు ఒక్క చూపు చూశారు. అంత పెద్ద మీసాలాయన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ పిల్ల పానా మీదికి ఎక్కి రెండు కాళ్ళతో నిలబడింది. ఒకసారి ఊగింది. రెండోసారి ఊగింది. మూడోసారికి నట్టు కిర్రుమని తిరిగింది. పదకొండు నిమిషాల్లో స్టెప్నీ ఎక్కింది. ఇంతసేపూ మహాదేవమ్మ గారి నోటి నుంచి ఒక్క సలహా కూడా రాలేదు. ఆరేళ్ళలో నేను చూసిన అతి పెద్ద అద్భుతం అదే.

"నీ నంబరు చెప్పు తల్లీ," అన్నాడు సోమన్న. "మాకూ కార్లుండాయి."

అతని వెనక ఇంకో నలుగురు ఫోన్లు తీశారు.

ఆమె నంబరు చెబుతుండగా మేడం నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు: "ఇప్పటికి మూడు చోట్ల వెనక్కి పంపినారంట సార్. ఇంకొకరు పంపితే కంపెనీవాళ్ళు ఫోన్లెత్తే పనిలో కూర్చోబెడతామన్నారంట. రాత్రంతా అన్నం తినకుండా ఏడ్చిందని వాళ్ళమ్మ చెప్పింది. అందుకే ఈ పిల్లనే పంపమని కంపెనీకి చెప్పినా."

"కానీ మేడం, సరిగ్గా ఈరోజే, సరిగ్గా ఈ బంకు దగ్గరే మీ టైరు..." అంటూ ఆమె చేతుల వైపు చూశాను. చూపుడువేలు, బొటనవేలు కొసలు నల్లగా ఉన్నాయి. వెంటనే అవి చీర కొంగు చాటుకు పోయాయి.

ఇంతలో శివజ్యోతి విప్పిన టైరును అటూ ఇటూ తిప్పి చూసి వచ్చింది. "మేడం, దీంట్లో మేకు ల్యా, ముల్లు ల్యా. గాలి ఎవరో తీసినారు."

"ఎవరో పోకిరోళ్ళు!" అన్నారు మేడం, ఎంతో కోపంగా.

శివజ్యోతి ఆమె కొంగు వైపు చూసింది, పెదవి బిగబట్టుకుంది. పెట్టె మూసి మోపెడ్ ఎక్కాక మాత్రం ఆగలేకపోయింది.

"ఆ పోకిరోళ్ళకు చెప్పండి మేడం. పుల్ల పెట్టి తీసినారు, వాల్వు పాడైతాది. ఈసారి గాలి తీయాలన్నా నాకే ఫోన్ చేయమనండి, నేనొచ్చి తీస్తా."