ఇంటికో వాతావరణం

సముద్రపొడ్డున మా బయాహిబే ఊళ్లో పెద్దాయన దొన్ ఎలియోదోరోకి ఉన్న పిచ్చి ఒక్కటే. రోజూ పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి ఆ రోజు వాతావరణం చెప్పడం. అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు, తలుపు వేసుకుంటే కిటికీలోంచి చెప్పేవాడు.

నిజానికి మా ఊళ్లో చెప్పుకోదగ్గ వాతావరణమే లేదు. జనవరిలో ఇరవై తొమ్మిది డిగ్రీలు, ఆగస్టులో ముప్ఫై రెండు. ఏడాది పొడుగునా ఎండ, సముద్రపు గాలి, ఎప్పుడైనా దారితప్పిన మబ్బు వస్తే పది నిమిషాల జల్లు. చలిదేశాల యాత్రికులు దిగేది ఆ ఎండ కోసమే. సెప్టెంబరులో తుఫాను మాట వినబడితే వాళ్లూ రారు. హోటళ్లు సగం మూతబడతాయి. ఇసుకలో ఖాళీ కుర్చీలు వరసగా సముద్రం వైపు తిరిగి ఉంటాయి.

అంతకంటే వింత, ఆయన ఒకే రోజు ఒకే వీధిలో ఇంటికో వాతావరణం చెప్పేవాడు. చేపలు పట్టే నికానోర్ ఇంటికి పెనుగాలి. బట్టలు కుట్టే దోమితీలా ఇంటికి ఊపిరాడని ఉక్క. నాకూ, వెనకింటి ఎర్సీలియాకూ మాత్రం మూడింటికి వాన. మూడేళ్లుగా అదే వాన, అదే మూడింటికి.

"దొన్ ఎలియోదోరో, ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. వాన ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"పైనుంచి," అనేవాడు గంభీరంగా. "నా మోకాలు చెప్పింది, నెరెయిదా."

"నిన్నా మోకాలే చెప్పింది."

"నిన్న చెప్పింది ఎడమది. దానికి తొందరెక్కువ. ఇవాళ కుడిది చెప్పింది."

నా భర్త పోయి అప్పటికి మూడేళ్లు దాటింది. రోజంతా రేడియో పెట్టుకుని, అందులో వాళ్లు మాట్లాడితే నేను జవాబులు చెబుతుండేదాన్ని. వాన సంగతి నమ్మేదాన్ని కాదు. కానీ దుప్పట్లు ఉతికి ఆరేసుకున్న మనిషికి ధైర్యం చాలదు. మూడు కొట్టగానే పెరట్లోకి పరుగెత్తేదాన్ని. అటునుంచి ఎర్సీలియా పరుగెత్తుకొచ్చేది. మా ఇద్దరి తాళ్లూ ఒకే పెరట్లో ఉన్నాయి. బట్టలు చంకన పెట్టుకుని ఇద్దరం ఆకాశం కేసి చూసేవాళ్లం. మబ్బు తునకైనా ఉండేది కాదు.

"ముసలాయన మళ్లీ ముంచాడే!"

"వాన లేకుండానే ముంచాడు. రా, కాఫీ తాగుతూ తిడదాం. ఉత్తినే తిడితే నోరెండిపోతుంది."

ఐదింటిదాకా తిట్టేవాళ్లం.

ఒక సెప్టెంబరులో ఆయన మెట్లమీద జారిపడ్డాడు. చీలమండ గుమ్మడికాయంత అయింది. మా పెరటి పక్కనే, ముప్ఫై ఏళ్లు నడిపి మూసేసిన మంగలి దుకాణం పైగదిలో ఒక్కడే ఉండేవాడు. చారు తీసుకుని వెళ్లాను.

"ఇవాళ నా బదులు నువ్వు ఊరు తిరిగి రావాలి, నెరెయిదా. నికానోర్‌తో..."

"నాకు తెలుసు లెండి," అని మెట్లు దిగిపోయాను. ఈ ఊరికి ఒక్కరోజైనా నిజం చెప్పాలని ఎన్నాళ్లుగానో నా కోరిక.

ప్రతి గుమ్మంలోనూ ఒకటే చెప్పాను. "ఎండ. ముప్ఫై ఒకటి. గాలి లేదు, వాన లేదు."

"గాలి లేదా? ఒట్టు?" నికానోర్ ముఖం వెలిగిపోయింది. "అయితే పని చేసుకుంటా," అని దోమితీలా తలుపేసుకుంది.

మూడైంది. దుప్పట్లు తాడుమీదే ఊగుతున్నాయి. నేను లేవలేదు. ఎర్సీలియా రాలేదు. కాఫీ పెట్టుకుంటే రెండు కప్పులయింది, రెండోది చల్లారిపోయింది. రేడియోలో ఎవరో నవ్వుతుంటే కట్టేశాను. నాలుగు కావడానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజే తెలిసింది.

ఐదింటికి రేవులో కేకలు. పొద్దున నికానోర్ ఒంటరిగా పడవ తీశాడట. పొరలు కమ్మిన కళ్లకి ఒడ్డు ఎటుందో తెలియక, ఎక్కడో నడిసముద్రంలో తిరుగుతుంటే వేరే పడవవాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. పెదవులు పగిలిపోయి ఉన్నాయి.

"ఇంత చక్కటి సముద్రాన్ని చూసి ఎన్నాళ్లయిందో," అన్నాడు దిగుతూ. ఆగి, "చూశానని కాదులే," అన్నాడు.

ఎలియోదోరో గదికి పరుగెత్తి జరిగింది చెప్పాను.

"అందరికీ ఒకటే చెప్పావా?"

"నిజం చెప్పాను."

"ఎంత పని చేశావమ్మా! కళ్లు కనబడవు, పడవ తియ్యకు అని అతనితో ఎవరంటారు? గాలిమీద నెట్టేస్తే అతని పరువు దక్కుతుంది. ఇంట్లో ఉక్క అంటేగాని దోమితీలా గడప దాటదు. సముద్రం ఒడ్డున కూర్చుంటే నలుగురు పలకరిస్తారు."

"మరి మూడింటి వాన?"

ఆయన దుప్పటి సర్దుకున్నాడు. "నీ భర్త పోయిన నెలలోనే ఎర్సీలియా మొగుడు ఆమెని వదిలేసి వెళ్లాడు. ఒకే పెరడు. రెండు తలుపులూ ఎప్పుడూ మూసే ఉండేవి."

"మేం రోజూ కూర్చుని మిమ్మల్ని తిడతాం, తెలుసా?"

"తెలుసు. ఈ కిటికీలోకి వినబడుతుంది. తిట్టుకోవడానికైనా ఇద్దరుండాలి కదమ్మా."

అప్పుడు చూశాను ఆ గదిని. ఒక కుర్చీ, ఒక కంచం, ఒక కప్పు. సాయంత్రాలు ఈ కిటికీ దగ్గర కూర్చుని మా తిట్లు వింటూ గడిపేవాడన్నమాట.

మర్నాడు నికానోర్ ఇంటికి మళ్లీ నేనే వెళ్లాను. ఆకు కదలడం లేదు. "పెనుగాలి," అన్నాను నేల చూస్తూ. నికానోర్ చెవి ఒగ్గి విని, "అవునవును, మహా గాలి," అని వల బాగు చేసుకోవడానికి కూర్చున్నాడు.

మధ్యాహ్నం నేనూ ఎర్సీలియా చెరో రెక్కా పట్టుకుని ఎలియోదోరోని మెట్లు దింపి, మా పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కాఫీ ఇచ్చాం. ఎర్సీలియా గొంతు సవరించుకుని, "ముసలి కప్పా, అబద్ధాల బుట్టా!" అని మొదలుపెట్టింది.

ఆయన ఒక గుక్క తాగి పెదవి విరిచాడు. "చప్పగా ఉంది."

"కాఫీయా?"

"తిట్టు. ముప్ఫై ఏళ్లు మంగలి దుకాణంలో విన్నవాణ్ణి. ఇటు జరగండి, అసలైనవి నేర్పుతాను."

ఆయన చెప్పిన మొదటి దానికే ఎర్సీలియా గుండెలమీద సిలువ గీసుకుంది. రెండోది మళ్లీ చెప్పమంది.