గడి పాఠం చెప్పిన ఏడాది

మొన్న చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంటే, టీవీలో నలుగురు పెద్దమనుషులు బడి పుస్తకాల్లో ఎవరి చరిత్ర ఉండాలి, ఎవరిది ఉండకూడదు అని ఒకరి మాట ఒకరికి వినపడనంతగా అరుచుకుంటున్నారు. మా కోడలు విసుగుతో ఛానల్ మార్చేసింది గానీ, నా మనసు మాత్రం నార్కట్‌పల్లి నుంచి లోపలికి పోయే రోడ్డులో, నేను ఉద్యోగం చివరి ఏళ్లలో సోషల్ చెప్పిన ఆ ఊరి హైస్కూలు వరండాకు వెళ్లిపోయింది.

మా తరం వాళ్లకు తెలిసిందే, మనం చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడెక్కడి రాజులో ఉండేవారు గానీ మన ఊళ్లు ఉండేవి కావు. జడ్చర్లలో బట్టల దుకాణం నడిపే మా నాయిన రాత్రి అన్నాల దగ్గర చెప్పే వెట్టి కథలకూ, పొద్దున బడిలో మేం బట్టీ పట్టే పాఠాలకూ ఏ సంబంధమూ ఉండదని చాలా ఏళ్లు అనుకున్నాను. అందుకే, రాష్ట్రం వచ్చాక మారిన పుస్తకాల్లో దొరల కోటల్లాంటి గడీలు, వెట్టిచాకిరి, వాటిని ఎదిరించిన రైతుల సంగతి కనిపించినప్పుడు, పిల్లలకంటే ముందు నేనే కొత్త కాగితం వాసన చూస్తూ రెండుసార్లు చదువుకున్నాను. ఆ ఉత్సాహంలోనే తొమ్మిదో తరగతి పిల్లలతో, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి మన ఊరి పాత సంగతులు తెలుసుకుని రమ్మన్నాను.

మర్నాడు గొర్ల కాపరుల ఇంటి పిల్ల ఒకతె లేచి నిలబడింది. బాగా చదివేది గానీ పెదవి విప్పేది కాదు. పండగ పండగకూ గడికి పొట్టేలు పంపవలసిన రోజుల్లో, ఒక ఏడు రోగమొచ్చి మంద చచ్చిపోతే, పొట్టేలు ఇవ్వలేకపోయిన తన తండ్రి తాతను నడుం వంచి వీపు మీద బండ పెట్టి ఎండలో నిలబెట్టారని, అవ్వ చెప్పినట్టే తడబడకుండా చెప్పింది. చివర్లో, ఆ గడి మన ఊరిదేనని అంది. పిల్లలందరి తలలూ రెండో వరుసలో కూర్చున్న, ఒకప్పుడు ఆ గడిని ఏలిన ఇంటివాడైన పటేలు గారి మనవడి వైపు తిరిగాయి.

వారం తిరగకుండానే బడి వరండాలో మీటింగు పెట్టారు. ఊళ్లో ఉన్న రెండు పార్టీల వాళ్లూ వచ్చారు. మన చరిత్ర మనం చెప్పుకోవడానికి కాకపోతే రాష్ట్రం ఎందుకు తెచ్చుకున్నామని ఒకరంటే, పసివాళ్ల నడుమ కులాల చిచ్చు పెడుతున్నారని ఇంకొకరు. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. పటేలు గారు, ఇంచుమించు నా వయసు మనిషి, మెల్లగా అన్నారు.

“అబద్ధమని నేనంటలేను మేడం. మా మనుమడు అన్నం కాడ కూసోని, తాతా, మనోళ్లు గట్ల చేసిన్రా అని అడిగిండు. వాడు పుట్టక ముందటి సంగతికి వాడెందుకు తల వంచుకోవాలె?”

ఆ మాటలో కోపం లేదు, నిజంగానే బాధ ఉంది. ఆ పిల్ల తండ్రి లేచి, ఏదో పొరపాటైంది, మా పిల్ల ఇక మాట్లాడదు అని చేతులు జోడించాడు. అతని గొర్రెలు ఎండాకాలమంతా పటేలు గారి కోసిన మళ్లలోనే మేసేవి మరి. ఊకోమని అతను చెయ్యి పట్టి లాగుతున్నా వినకుండా, పక్కనున్న భార్య లేచింది.

“మీ మనుమడు తల వంచాలని మేమంటలేము పటేలా. మా ఇంటి పెద్దమనిషి వీపు వంచిన సంగతి నా బిడ్డ చెప్పొద్దంటే ఎట్ల?”

చివరికి హెడ్మాస్టరు గారు ఒక మధ్యేమార్గం తేల్చారు: పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఇళ్లల్లో అడిగి రావడాలు వద్దు, ఊరి ప్రస్తావన అసలే వద్దు. నేను సరేనన్నాను. ఆ వారమే పటేలు గారి కొడుకులు మళ్లలోంచి మందను వెళ్లగొట్టారని తెలిసి, ఆ ఇంటికి వెళ్లాను. నిష్ఠూరాలకు సిద్ధపడే వెళ్లాను గానీ ఆ తల్లి పీట వేసి, చల్ల ఇచ్చి, “గొర్లకు యాడనన్న ఇంత గడ్డి దొర్కుతది టీచరమ్మా. నా బిడ్డను మాత్రం మల్ల మూగదాన్ని చెయ్యకు” అంది.

పాఠం చదివిన రోజు హెడ్మాస్టరు గారు వెనక బెంచీలో కూర్చున్నారు. నేను అక్షరం దాటకుండా చదివాను. శిక్షల సంగతి దగ్గరికి రాగానే పటేలు గారి మనవడు లేచాడు.

“గిది మన ఊర్ల గూడ అయిందా టీచర్?”

“అయింది నాయనా” అన్నాను. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి బయటికి చూశారు. పిల్లవాడు తల ఊపి కూర్చున్నాడు. అంతే. ఆ పిల్ల వైపు అతను చూడలేదు, ఆమె ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. కానీ ఆనాటి నుంచి ప్రశ్న అడిగితే ముందుగా లేచే చెయ్యి ఆమెదే అయింది.

మరుసటి ఏడు, చేనుకు గొర్రెల ఎరువు కావాలని పటేలు గారే కబురు పెట్టి మందను పిలిపించుకున్నారు. దాన్ని ఎవరూ రాజీ అనలేదు. ఇద్దరికీ అవసరమే. ఆ పిల్ల ఇప్పుడు పట్నంలో ఒక దవాఖానలో నర్సు.

పోయిన చలికాలం ఒక పెళ్లికి పోయి, దారే కదా అని ఆ బడి దగ్గర దిగాను. గోడలకు కొత్త రంగులు వేశారు. పాఠం పుస్తకంలో ఇంకా ఉందట. పటేళ్ల పిల్లలను పొద్దున్నే పసుపుపచ్చ బస్సు ప్రైవేటు బడికి తీసుకుపోతుంది, గొర్ల కాపరుల పిల్లలు గురుకులాల్లో ఉంటున్నారు. ఇప్పుడు ఆ పాఠం మీద గొడవే రావడం లేదని అక్కడి టీచరు సంతోషంగా చెప్పింది. ఆమెతో పాటు నేనూ సంతోషించాలని చూశాను. గొడవ పడటానికైనా ఆ రెండిళ్ల పిల్లలు ఒక్క గదిలో కూర్చున్న కాలం, నేను ఆ పాఠం చెప్పిన ఏడాది.