తాగని బీడీకి పది రోజుల మడి

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ వయసులో మనుషులంటే భయం ఉండదు గానీ, కాగితాలంటే మాత్రం గుండె దడ. మరాఠీ గడ్డ మీద మా ఊళ్లో, హోట్గి రోడ్డులో ఒక ట్యూషన్ సెంటర్లో రెండేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బస్సులో హిందీ, బోర్డు మీద ఇంగ్లీషు. అలాంటి నాకు వియత్నాంలో ఒక చిన్నపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం దొరికింది. (అదెక్కడుందని ఎవరైనా అడిగితే మా అమ్మ "చీనా పక్కకే" అనేది, మా మేనమామ ఇంటి పక్కన ఉన్నంత ధీమాగా.) ఉద్యోగమైతే దొరికింది గానీ వీసా దొరకాలంటే డిగ్రీ కాగితానికి ముద్రలు, పోలీసుల నుంచి మంచిపిల్లనని సర్టిఫికెట్, ఆఖరున ఆరోగ్య పరీక్ష కావాలి. నెలాఖరులోగా ఇవన్నీ చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామని బడివాళ్లు మర్యాదగానే రాశారు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కుంభారిలో బీడీ కార్మికులకు కట్టించిన కాలనీలో మా ఇల్లు. అమ్మ బీడీలు చేస్తుంది. నేనూ చిన్నప్పటి నుంచి చేస్తున్నాను. మా వీధిలో ఆడపిల్లకు అక్షరాలకంటే ముందు వచ్చే విద్య అదే. ఒడిలో చాట, చాటలో పొగాకు, కత్తిరించిన తునికాకు, ఎర్ర దారం. కళ్లు టీవీ మీదుంటాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. ముద్రల కోసం, పోలీసు స్టేషన్ కోసం అమ్మ నాతో పాటు రోజూ తిరిగింది. దాంతో ఆమె పని వెనకబడింది. వరసగా బీడీలు అప్పజెప్పకపోతే కార్ఖానా కార్డు మీద పేరు ఉంటుందో ఊడుతుందో అని ఆమె బెంగ. అందుకని పరీక్షకు ముందు రెండు రోజులూ నేను చాట ముందు కూర్చుని కసిగా బీడీలు చుట్టాను. నా కోసం తిరిగిన తల్లికి ఆ మాత్రం చేయొద్దా?

ఆ చాట పక్కనే పెట్టుకుని పరీక్ష ఫారం చదివాను. 'పరీక్షకు ముందు మూడు రోజులు పొగాకు వాడరాదు' అని ఉంది. చదివి అమ్మకు తెలుగులో చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

"మనింట్ల ఎవ్వలు తాగుతరే? మీ నాయిన గూడ ఎన్నడు ముట్టకపాయె" అంది అమ్మ, పొగాకు మీద నీళ్లు చిలకరిస్తూ.

నేను ఆ గడిలో 'లేదు' అని రాశాను, రాసిన చేత్తోనే మరో ఆకు అందుకున్నాను. ఇద్దరం చదువుకున్నవాళ్లమే (అమ్మ ఏడో తరగతి మరాఠీలో). ఒక్కరికైనా బుర్రలో దీపం వెలగలేదు.

నిజానికి నా భయమంతా ఛాతీ ఎక్స్‌రే గురించి. మగ్గాల దుమ్ములో, పొగాకు దుమ్ములో పుట్టి పెరిగిన మా వీధుల్లో దగ్గు వినిపిస్తే అందరూ ఒక్కసారి అటు చూస్తారు. ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగపట్టమంటే, చెప్పకముందే బిగపట్టాను. అది శుభ్రంగా వచ్చింది. హమ్మయ్య అనుకుని అమ్మతో బయట టీ తాగి మూడో రోజున రిపోర్టు కోసం వెళితే, డాక్టరమ్మ లోపలికి పిలిచింది. ఆమె పుణే నుంచి కొత్తగా వచ్చింది. కాగితం నా వైపు తిప్పి, ఒక గీత కింద వేలు పెట్టింది. మూత్రంలో నికోటిన్ ఉందట. బడివాళ్ల నియమాల్లో పొగతాగే టీచర్లు పనికిరారని ఉంది గనక, ఇది ఇలాగే వెళితే వీసా సంగతి మరిచిపోవచ్చట.

"సిగరెట్టా?" అని మరాఠీలో మెల్లగా అడిగింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నా వేళ్లు వాసన చూసుకున్నాను. ఆమె కళ్లు చిన్నవయ్యాయి. నాలుగు భాషలు వచ్చిన దాన్ని, ఒక్క దాంట్లోనూ 'కాదు' అనలేకపోయాను. విమానం, బడి, నల్లబల్ల, ఇంకా చూడని ఆ పిల్లలు, అన్నీ ఆ గీత కింద పడి నలిగిపోతున్నట్టు అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, తెలుగు కలిసిన తన మరాఠీలో అందుకుంది. "డాక్టర్‌బాయీ, జరా ఐకా, నా మాటినుండ్రి. నా బిడ్డ తాగే బీడి ఒక్కటి లేదు. చేసే బీడీలు రోజుకు అయిదు నూర్లు. నేనైతే వెయ్యి. నేను బీ ఇయ్యాల్టిదాంక నోట్ల వెట్టలె. కావాల్నంటె నన్ను గూడ తపాసుండ్రి, నాకు ఇంకా జాస్తి వస్తది."

ఆ ఆఖరు మాటలో కొంచెం గర్వం కూడా ఉంది. డాక్టరమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. దారం కోసి కోసి చూపుడువేలి మీద పడిన గాడిని నిమిరింది. తర్వాత నా చెయ్యి. చివరికి, "నేను నమ్ముతాను. పొగాకు ముట్టుకున్నా, దాని దుమ్ము పీల్చినా ఇది ఒంట్లోకి ఎక్కుతుంది. కానీ నమ్మింది రాయడానికి ఫారంలో గడి లేదు, పరీక్షలో వచ్చిందే రాయాలి. పది రోజులు పొగాకు గాలి సోకకుండా ఉండి మళ్లీ రా" అంది. నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి.

పొగాకు గాలి సోకని ఇల్లు కుంభారిలో ఎక్కడ దొరుకుతుంది? ఇటు పక్కింట్లో చాట, అటు పక్కింట్లో చాట, ఎదురింట్లో అత్తాకోడళ్లవి రెండు చాటలు. అందుకని నన్ను కుంఠా నాకాలో పవర్‌లూమ్ నడిపే మేనమామ ఇంటికి పంపారు. అక్కడ టవళ్ల మగ్గాలు నాలుగు, వాటి చప్పుడులో మనం అనుకున్నది మనకే వినపడదు. అయితే మామ నోట్లో ఎప్పుడూ తంబాకు ఉంటుంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన పెదవి కింద అది లేని రోజు చూడలేదు. అమ్మ గడపలో నిలబడే ఆజ్ఞ వేసింది: "అన్నా, పది దినాలు బంద్."

"గది నేను నమిలితె దానికెట్లొస్తదే?"

"వస్తదో రాదో నాకు తెల్వది. బిడ్డ నౌకరి నీ నోట్లున్నది."

మామ తన డబ్బాను అమ్మ చేతిలో పెట్టాడు. ఆ పది రోజులూ ఆయన మగ్గాన్నీ, కరెంటునూ, గవర్నమెంటునూ తిట్టని పూట లేదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. దారం తెగిన ప్రతిసారీ నా వైపు చూసి నిట్టూర్చేవాడంతే.

నా సంగతి ఇంకో రకం. వేళ్లు ఖాళీగా ఉండనంటాయి. బస్సు టికెట్ చుట్టేసి మూతి మడిచేదాన్ని. మామ ఇచ్చిన కరెంటు బిల్లు కూడా అలాగే చుట్టి ఆయన చేతికే ఇచ్చాను. ఆయన దాన్ని చూసి కళ్లు మూసుకున్నాడు. మగ్గాల నూలు దుమ్ముకు మూడో రోజు నుంచి దగ్గు మొదలైంది. పులి మీద పుట్రలా, ఇప్పుడు ఎక్స్‌రే కూడా మళ్లీ తీస్తామంటే నా గతి ఏమిటని రోజంతా ముక్కుకు కొత్త టవలు కట్టుకుని కూర్చున్నాను.

అమ్మ రోజూ సాయంత్రం బీడీలు అప్పజెప్పి, బస్సెక్కి నన్ను చూడటానికి వచ్చేది. వచ్చి గడప అవతలే నిలబడేది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చినా లోపలికి రాదు. టిఫిన్ డబ్బా చింతపండుతో తోమి తెచ్చి, గడప మీద పెట్టి వెనక్కి జరిగేది. మా ఇంటావంటా లేని మడి అది. నేను దగ్గరికి వెళితే, "ఆడనే ఉండు" అని చెయ్యి అడ్డం పెట్టేది. ఒకరోజు మగ్గాల చప్పుడులో గడపకు ఇటు నేను, అటు ఆమె గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

"కూర మంచిగున్నదా?"

"ఉన్నది. నువ్వు తిన్నవా?"

"ఆఁ?"

"తిన్నవా అంటున్న."

పక్కింటివాళ్లు తల్లీకూతుళ్లం తగువులాడుకుంటున్నామనుకున్నారు. అమ్మ వెళ్లిపోయాక డబ్బా మూత తీసి ముందు వాసన చూశాను. చింతపండు వాసనే తప్ప ఆమె వాసన లేదు. దుఃఖం ముంచుకొచ్చింది, నెపం నూలు దుమ్ము మీదికి నెట్టేశాను.

పదకొండో రోజు మళ్లీ పరీక్ష. పన్నెండో రోజు ఉదయం రిపోర్టు. నేను డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద కూర్చుంటే, అమ్మ హాలుకు ఆ చివర మెట్ల దగ్గర కూర్చుంది. టోకెన్ చీటీని అప్పటికే నాలుగుసార్లు బీడీలా చుట్టి విప్పాను. లోపలికి పిలిచారు. డాక్టరమ్మ కాగితం నా చేతికిచ్చింది. నికోటిన్: లేదు. ఎక్స్‌రే గురించి ఆమె ఊసే ఎత్తలేదు, నేను ఆ గదిలో ఉన్నంతసేపూ దగ్గు మింగుతూనే ఉన్నాను.

బయటికి వచ్చేసరికి అమ్మ లేచి నిలబడి ఉంది.

"ఏమొచ్చింది?"

"లేదని వచ్చింది."

ఆమె గబగబా వచ్చింది. రెండు బారల దూరంలో ఆగిపోయింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "ఇప్పుడు ముట్టుకోవచ్చునానే?" అని అడిగింది.

ఆ సాయంత్రానికి మామకు ఆయన డబ్బా చేరింది, మెయిల్లో బడికి నా కాగితాలు చేరాయి.

ఇప్పుడు ఇక్కడ, వియత్నాంలో, ఏటేటా ఆరోగ్య పరీక్ష చేస్తారు. ఏటేటా 'లేదు' అని వస్తుంది. మొదట్లో ఆ మాట చూస్తే గట్టెక్కినట్టు ఉండేది. ఇప్పుడు చూస్తే, పోయినదేదో లెక్కపెట్టి చెబుతున్నట్టు ఉంటుంది. అందుకే సెలవులకు వెళ్లేముందు, పరీక్ష ఎప్పుడో అడిగి తెలుసుకుంటాను. పోయినసారి ఇంకా నాలుగు నెలలుందన్నారు. సెలవు ఇరవై రోజులూ అమ్మ పక్కన చాట ముందు కూర్చున్నాను. తిరిగొచ్చిన మర్నాడు తరగతిలో ఒక చిన్నది పుస్తకం చూపించడానికి దగ్గరికొచ్చి, నా చెయ్యి వాసన చూసి, ఇదేం వాసన టీచర్ అని అడిగింది. నాలుగు భాషలు వచ్చిన దాన్ని, ఒక్క దాంట్లోనూ ఆ వాసనకు పేరు చెప్పలేకపోయాను. చివరికి "మా అమ్మ" అన్నాను. ఆ పిల్ల ఇంకోసారి వాసన చూసి, తలూపి వెళ్లి కూర్చుంది.