రెడ్డియార్‌పాళయంలో ఎక్కిన ఆరువేల మీటర్లు

ఈ సంగతి నేను రాసి పెట్టకపోతే ఇంకెవరో రాసేట్టున్నారు. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇప్పటికే రెండు కథలు నడుస్తున్నాయి. మొదటి కథలో నన్ను హిమాలయాల మీంచి హెలికాప్టర్‌లో దించారు. రెండో కథలో జడలబర్రె వీపుకు కట్టి దించారు. రెండూ అబద్ధాలే. నిజం ఆ రెండింటికన్నా అవమానకరమైనది కాబట్టి దాన్ని నా చేత్తో నేనే రాయడం న్యాయం. ముందే చెబుతున్నాను. ఇందులో ఒక మంచుకొండ, ఒక తాడు, ఆ తాడుకు ఒక కొసన నేను, రెండో కొసన ఏ పాపమూ ఎరగని ఒక డ్రిల్లు టీచరు ఉన్నారు. ఏం జరిగి ఉంటుందో ఊహించుకోండి. ఊహించారా? దానికన్నా ఘోరంగా జరిగింది.

నేను యానాం వాణ్ని. పేరు సత్తిబాబు. మా ఊళ్లో ఎత్తైన చోటు అంటే గోదావరి గట్టు. ఉద్యోగం నన్ను పుదుచ్చేరికి తెచ్చింది. వైట్ టౌన్‌లో ఆఫీసు, రెడ్డియార్‌పాళయంలో అద్దె ఇల్లు. మధ్యలో ఎక్కడైనా ఎత్తు తగిలిందంటే అది స్పీడ్ బ్రేకరే. నా చదువు ఇంటర్‌తో ఆగినా, చదవడం ఆగలేదు. ఆఫీసు వదలగానే లైబ్రరీకి పోయి, ఒక షెల్ఫు పూర్తయ్యాకే పక్క షెల్ఫు ముట్టుకునేవాణ్ని. ఆ వరసలో ముప్ఫయ్యో ఏట పర్వతారోహణ షెల్ఫుకు చేరాను. పక్కది పశువైద్యం. ఒక్క షెల్ఫు అటు జరిగి ఉంటే ఏ గేదో బలయ్యేది.

నలభై ఒక్క పుస్తకాలు! మంచు ఎన్ని రకాలో చెప్పగలను. లుంగీ అంచు చింపి కిటికీ ఊచలకు ఏడు రకాల ముళ్లు వేశాను. మంచును మాత్రం ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. అయితేనేం, తెలుగు సంఘం వాళ్లు పిలిస్తే హిమాలయాల మీద గంటసేపు మాట్లాడాను. చలి గురించి చెబుతుంటే ముందు వరసలో ఒకావిడ కొంగు కప్పుకుంది. మే నెలలో!

మాటలయ్యాక ఒకామె నా దగ్గరికొచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా, పనసకాయంత గట్టిగా ఉంది. ముదలియార్‌పేటలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ల ఇంటి ఆడపడుచు, బళ్లో డ్రిల్లు టీచరు. పేరు రేవతి.

"ఏంది తంబీ, ఇంత తెలిసిపెట్టుకోని ఈడ సముద్రం కాడ ఏం చేస్తా ఉండావు?"

"ఉద్యోగం అక్కా."

"లీవు పెట్టు. నాతో లడాఖ్‌కు రా."

అక్క కథ ఇది. లడాఖ్‌లో ఆరువేల మీటర్లు దాటిన ఒక శిఖరం కోసం ఆమె రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి తుఫాను. రెండోసారి తాడుకు అవతలి మనిషికి తలనొప్పి వచ్చి, ఇద్దరూ దిగిపోవాల్సి వచ్చింది. ఆ బృందంలో నియమం అది: ఒక తాడుకు ఇద్దరు, జబ్బు చేసి ఒకరు దిగితే రెండోవాళ్లూ దిగాలి. ఈసారి జోడీ మనిషి మానుకుంది. అక్క మోకాళ్లు చూసి డాక్టరు "ఇదే ఆఖరు" అన్నాడు.

"ఈ తూరి కాకుంటే ఇంక లేదు తంబీ. నిన్ను నమ్ముకోవచ్చునా? ఆరువేలు యాడైనా ఎక్కినావా?"

"ఆలోచించి చెబుతానక్కా."

ఇంటికి వెళ్లి ఆ బృందంలో చేరే ఫారం తెరిచాను. 'ఇప్పటివరకు ఎక్కిన ఎత్తు' అని ఒక గడి. గోదావరి గట్టు అని రాయడానికి చెయ్యి రాలేదు. అప్పుడు నా బుర్రలో, చదవేస్తే ఉన్న మతి పోయినవాడికి మాత్రమే తట్టే ఆలోచన ఒకటి తట్టింది. మా అపార్టుమెంటు మెట్లు అడుగు నుంచి మేడ దాకా పన్నెండు మీటర్లు. ఐదువందల సార్లు ఎక్కితే? ఆరువేలు! మీరు నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. వీపున బియ్యం బస్తా కట్టుకుని, ఆ ఎండల్లో, రెండు నెలలు ఎక్కాను. వాచ్‌మన్ కన్నియప్పన్ చేత ప్రతి ఎక్కుడుకూ నోటుబుక్కులో సంతకం పెట్టించాను.

"సార్, లిఫ్ట్ బాగానే ఉంది కదా?" అన్నాడతను మొదటిరోజు.

"ఇది పర్వతారోహణ, కన్నియప్పన్."

"సరే సార్. బస్తా నాలుగో ఇంటివాళ్లదా?"

ఐదువందో సంతకం పడ్డ సాయంత్రం గడిలో 'ఆరువేల మీటర్లు' అని రాశాను. అబద్ధమా? కాదు, కూడిక. మరునాడే నోటుబుక్కు తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టాను. ఆమె ఒక్కో పేజీ శ్రద్ధగా తిప్పింది. తేదీలు, సంతకాలు, అడుగున మొత్తం. తల పంకించింది.

"పక్కాగా రాసిపెట్టినావే! చాలు తంబీ."

నిజం తెలిసి కూడా నన్ను ఒప్పుకుందని నా గుండె పొంగింది. ఇదొకటి గుర్తు పెట్టుకోండి, పనికొస్తుంది.

బేస్ క్యాంపులో మా గైడు దోర్జే గారు. రాతిని చెక్కి, మిగిలిన ముక్కలతో మాటలు చేసినట్టు, ముక్తసరి మనిషి. బెంగుళూరు నుంచి వచ్చిన నలుగురికి నన్ను హిందీలో పరిచయం చేశాడు.

"ఈయన ఆరువేలు ఎక్కినవాడు. ఏ సందేహమైనా ఈయన్ని అడగండి."

అడిగారు. నేను చెప్పాను. అయ్యో, ఎంత బాగా చెప్పానో! బూట్లకు కట్టుకునే ఇనుప పళ్ల పట్టీలను, వాటిని క్రాంపాన్లు అంటారు, కట్టి చూపించమన్నారు. వాటి చరిత్ర మొత్తం చెబుతూ ఎడమది కుడికాలికీ, కుడిది ఎడమకాలికీ కట్టాను. లేచి రెండడుగులు వేసి, నా కాలు నేనే తొక్కుకుని, గుడారం మీద పడ్డాను.

నలుగురూ మెడలు చాపారు.

"ఎలా కట్టుకోకూడదో చూపించాను," అన్నాను గుడారం లోపలినుంచి.

చప్పట్లు కొట్టారండీ! ఒకతను రాసుకున్నాడు కూడా.

పై క్యాంపుకు చేరేసరికి నా పరిస్థితి చేపల బుట్టలో పైన పడ్డ చేపలా ఉంది. నోరు తెరవడం, మూయడం, అంతే. గాలి పల్చబడుతుందని పుస్తకాల్లో చదివాను గానీ, ఊపిరి పీల్చినా ఏమీ రాకపోవడం ఇంత దిగ్భ్రాంతిగా ఉంటుందని ఏ రచయితా రాయలేదు. మధ్యాహ్నం, శిఖరానికి ముందు చివరి సాధన. నిట్టనిలువు మంచు వాలు. దోర్జే గారు నా వైపు చూశాడు.

"మీరు ముందు. మేడం వెనక."

మైకు ముందు పులి, మంచు మీద పిల్లి. కాదు, పిల్లికి గోళ్లు ఎటు తిప్పాలో తెలుసు. నలభై అడుగులు ఎక్కాను. కిందికి చూశాను. చూడకూడదని నలభై ఒక్క పుస్తకాల్లోనూ ఉంది.

తర్వాత జరిగింది జారడం అనలేను. జారడంలో కొంత మర్యాద ఉంటుంది. నేను ఊడిపోయాను. వెల్లకిలా, తల ముందు, కాళ్లు వెనక. దారిలో రేవతక్కను దాటుకుని పోతూ, ఆ వేగంలోనూ అలవాటు కొద్దీ "అక్కా!" అని పలకరించాను. ఆమె మంచుగొడ్డలిని రెండు చేతులతో వాలులోకి దించి, దాని మీద బోర్లా పడింది. తాడు బిగిసింది. ఇద్దరం ఆగాం.

నా కింద మూడు కొబ్బరిచెట్ల లోతు తెల్లగా ఉంది. పైనుంచి అక్క గొంతు, క్లాసులో తప్పు చేసినవాణ్ని లేపి నిలబెట్టినప్పటి గొంతు.

"తంబీ. బతికుండావా?"

"ఉన్నానక్కా."

"ఇప్పుడు నిజం చెప్పు. సుమ్మా ఉత్త కథలు వద్దు. యాడ ఎక్కినావు ఆ ఆరువేలు?"

"రెడ్డియార్‌పాళయంలో అక్కా."

తాడు కొంచెం వణికింది.

"రెడ్డియార్‌పాళయంలో కొండ యాడుందిరా?"

"కొండ కాదక్కా. మెట్లు. మా అపార్టుమెంటువి. ఐదువందల సార్లు. నోటుబుక్కు చూపించాను కదా!"

"అది తెలుగులో ఉండె కదరా!"

"మీరు తెలుగే కదక్కా!"

"మాట్లాడతాను, చదవను రాదురా! బళ్లో తమిళం నేర్పినారు. అంత పెద్ద ఉపన్యాసం ఇచ్చినోడి ముందర చదవను రాదని యెట్ట చెప్పేది? సుమ్మా పేజీలు తిప్పినాను!"

అలా ఇద్దరం ఒకే తాడుకు వేలాడాం, ఎవరి సిగ్గు వాళ్లది.

దోర్జే గారు మమ్మల్ని దించాక అక్క తాడు విప్పుకుంది. బండమీద కూర్చుని శిఖరం వైపు చూస్తోంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ వీపు చూసి నాకు విషయం అర్థమైంది. నాకు తలనొప్పి అంటే చాలు, నా గౌరవం భద్రం. పాపం, ఆరువేలు ఎక్కినవాడికి ఆరోగ్యం సహకరించలేదంటారు. కానీ నియమం ప్రకారం అక్క కూడా దిగాలి, మూడోసారి, ఆఖరిసారి. జబ్బుమనిషికైతేనే జోడీ దిగాలి. చేతకానివాడైతే క్యాంపులో వంటాయన దగ్గర వదిలేయొచ్చు. కాబట్టి నేను చేతకానివాణ్నని తేలాలి. అందరి ముందూ తేలాలి.

నోటుబుక్కు తీసి, దోర్జే గారి ముందు, ఆ నలుగురి ముందు, గట్టిగా చదివి హిందీలో చెప్పాను. "మొదటి ఎక్కుడు. రెడ్డియార్‌పాళయం. అడుగు నుంచి మేడ దాకా. సాక్షి, వాచ్‌మన్." మూడో పేజీకి బెంగుళూరు వాళ్లలో ఒకతను, తను రాసుకున్న కాగితం మెల్లగా చింపేశాడు. దోర్జే గారు మాత్రం నవ్వలేదు. చాలాసేపు ఆలోచించాడు.

"ప్రతిసారీ మేడ మీదే ఉండిపోయారా?"

"లేదండీ. దిగి, మళ్లీ ఎక్కేవాణ్ని."

"ఐదువందల సార్లూ దిగారా?"

"దిగాను."

"మరి దిగింది తీసెయ్యలేదేం?"

నేను నోటుబుక్కు మూశాను. నలభై ఒక్క పుస్తకాలు చదివినవాడికి తట్టని తీసివేత అది.

"సున్నా," అన్నాడు దోర్జే గారు, ఫారంలో దిద్దుకుంటున్నట్టుగా. తర్వాత అక్క వైపు తిరిగి, "మేడం, రేపు మీరు నా తాడుకు," అన్నాడు.

మర్నాడు నేను వంటాయన దగ్గర బంగాళాదుంపలు ఒలిచాను. అవీ సరిగ్గా ఒలవలేదని ఆయన మళ్లీ ఒలిచాడు. మధ్యాహ్నానికి కిందికి వస్తున్న వాళ్లు చీమల్లా కనిపించారు. అక్క మొహం ఎండకు కాలిపోయి ఉంది, మోకాళ్లు వంగడం లేదు. నా పక్కన కూలబడి టీ అందుకుంది.

"ఎక్కారా అక్కా?"

"ఎక్కినాను."

"పైనుంచి ఏం కనిపించింది?"

"ఏం కనిపిస్తుంది? అంతా మబ్బు. నా చేతులే నాకు కనిపించలేదు." టీ తాగి, గ్లాసు కింద పెట్టింది. "నువ్వు చదివినావు కదా. చెప్పు, నేను ఏమేం చూసి ఉండాల?"

చెప్పాను. ఉత్తరాన ఏ వరస, తూర్పున ఏ లోయ, వెలుతురు ఏ వైపు నుంచి పడుతుందో, టీ చల్లారేదాకా చెప్పాను. అక్క కళ్లు మూసుకుని వింది. జన్మలో నాకు దొరికిన శ్రోతల్లో ఆ చలిని నిజంగా చూసొచ్చి కూడా నా మాటలకు వణికిన మనిషి ఆమె ఒక్కతే.

అందుచేత, సముద్రమట్టం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎక్కింది కూడేముందు దిగింది తీసేస్తాను. తీసెయ్యగా ఏమైనా మిగిలితే అప్పుడే నోరు తెరుస్తాను.

కృతజ్ఞతలు: కూడిక మాత్రమే తెలిసిన నాకు తీసివేత నేర్పిన దోర్జే గారికి, దుంపలు రెండోసారి ఒలిచిన వంటాయన నోర్బు గారికి, దేనికో అర్థం కాకపోయినా ఐదువందల సంతకాలు పెట్టిన కన్నియప్పన్‌కు, అన్నిటికన్నా ముందు, తాడు కోసెయ్యని రేవతక్కకు.