కర్నూలు బీరువా

"మన ఊళ్ల చరిత్ర కావాలంటే ఒంగోలు వైపు చూడకండి" అని ప్రతి ఏడూ మొదటి క్లాసులోనే చెప్తాను. మార్కాపురంలో డిగ్రీ పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. ప్రాజెక్టు అనగానే పిల్లలు ఫోను తీసి ప్రకాశం జిల్లా అని కొడతారు. ఏం దొరుకుతుంది, నా మొహం! మార్కాపురం, గిద్దలూరు, కంభం పందొమ్మిది వందల డెబ్బై దాకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మన తాతలు కట్టిన శిస్తు, తవ్వించిన బావి, పడిన కరువు, అంతా కర్నూలు జిల్లా పుస్తకాల్లోనే ఉంటుంది. ఆ సంగతి తెలియక ఎండలో ఒంగోలు దాకా పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చిన పిల్లలను చూశాను.

అందుకని వాళ్ల కోసం ఒక కాగితం తయారుచేశాను. పాత పుస్తకాలు ఏ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి, కంభం పేరును తెల్లదొరలు ఇంగ్లీషులో ఏయే స్పెల్లింగులతో రాసుకున్నారు, దొరికిన స్కాన్‌లో పేజీలు సరిగా ఉన్నాయో లేదో ఎట్లా చూసుకోవాలి, అన్నీ అందులో పెట్టాను. మడతపెట్టిన మ్యాపును విప్పకుండానే స్కాన్ చేసేస్తారు. కొన్ని పేజీల మీద అక్షరాలకు బదులు స్కాన్ చేసినాయన బొటనవేలు ఉంటుంది. ఆ బొటనవేళ్లను తెర మీద చూపించి పిల్లలను నవ్వించేదాన్ని. అబ్బో, నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్నట్టు మాట్లాడేదాన్ని.

పోయిన ఎండాకాలం మా ఊరి గ్రంథాలయానికి కంప్యూటర్లు వస్తున్నాయన్నారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చోటు లేక మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు. వాళ్ల కోసం వెనక గది ఖాళీ చేయాలి. గ్రంథపాలకుడు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రవాడు, చాలా మంచివాడు. నన్ను చూడగానే లేచి వచ్చాడు.

"మేడం, హిస్టరీ మీకు తెలిసినట్టు నాకు తెలీదండి. ఆ మూల బీరువా ఒకసారి చూసి, ఉంచాలో తీసేయాలో చెప్తారా?"

ఆ బీరువా తలుపు మీద తెల్ల రంగుతో ఎప్పుడో రాసిన అక్షరాలు ఇంకా ఉన్నాయి. కర్నూలు జిల్లా. అతను అవి చదివి నవ్వాడు. "మనది ప్రకాశం కదండీ, ఈ కర్నూలు పుస్తకాలు మనకెందుకండీ?"

నా మొదటి క్లాసు పాఠం ఆ నిమిషాన అతనికి చెప్పాలి. చెప్పలేదు. కరెంటు పోయి ఉంది, చెమటకు రవిక ఒంటికి అతుక్కుపోయింది, ఆకలి మీద ఉన్నాను. ఫోను తీసి, పుస్తకాల వీపుల మీద పేర్లు చూస్తూ ఒక్కొక్కటే కొట్టాను. చిత్రంగా అన్నీ దొరికాయి. దొరికిన కొద్దీ నాకు హుషారు ఎక్కువైంది. పాత కర్నూలు పుస్తకాలన్నీ నా గుప్పిట్లో ఉన్నాయని పొంగిపోయాను.

"ఇవన్నీ నెట్‌లో ఉన్నాయి, తీసేయొచ్చు" అన్నాను.

"ఒక్కటి కూడా ఉంచక్కర్లేదా అండీ?"

"అక్కర్లేదు."

నా నోరు పడిపోను, అంత ధీమాగా అన్నాను. బీరువాలోంచి ఒక్క పుస్తకమైనా తీసి తెరవలేదు. అతను టీ తెప్పించాడు, తాగి ఇంటికి వచ్చాను.

వానలు మొదలయ్యాక మా సారు ఫోన్ చేశారు. కంభం హైస్కూల్లో నాకు సోషల్ చెప్పిన సారు. ఎనభై దాటాయి, చూపు దాదాపు పోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఇంకా మనది కర్నూలు జిల్లాగా ఉన్నప్పుడే, కంభం చెరువు చుట్టూ ఉన్న పల్లెలన్నీ కాలినడకన తిరిగి, ముసలివాళ్లు చెప్పిన సంగతులన్నీ రాసుకుని, సొంత డబ్బుతో ఒక సన్నని పుస్తకం అచ్చు వేయించారు. బళ్లకు, తెలిసినవాళ్లకు పంచిపెట్టారు. ఇంట్లో మిగిలినవాటిని చెదలు తినేశాయి.

"ఏమ్మాయ్, బాగుండావా? నాదొక పని జేసిపెట్టాల తల్లీ" అన్నారు. "నా పుస్తకం మార్కాపురం లైబ్రరీలో ఒకటి ఉండాల. దాన్ని ఫోటోలు తీసి నెట్‌లో పెడతావా? అది తర్వాత గూడ పెట్టొచ్చులే. ముందుగాల మాయమ్మ చెప్పింది ఉంది సూడు, ఆ పేజీ ఒకటి సదివి వినిపించు. మిగతాదంతా ఏమైనా నాకు పర్వాలా."

"లైబ్రరీలో యాడుంది సార్?" అన్నాను. 

"కర్నూలు బీరువాలో. నువ్వు చదువుకునేటప్పుడు నేనే గదా నిన్ను పంపించింది!"

ఔను, ఆయనే పంపించారు. డిగ్రీలో ఉన్నప్పుడు ఆ బీరువా దగ్గరే నేల మీద కూర్చుని చదివాను. అప్పట్లో ఆ గ్రంథాలయంలో ఒక పద్ధతి ఉండేది. సన్న పుస్తకాలు నలిగిపోతాయని మూడు నాలుగు కలిపి కుట్టించి, పైన ఒకే దళసరి అట్ట వేయించేవాళ్లు. వీపు మీద మాత్రం మొదటి పుస్తకం పేరే రాసేవాళ్లు. సారు పుస్తకం ఒక సర్కారు రిపోర్టు వెనకాల ఉండేది. ఆ రిపోర్టు నెట్‌లో ఉంది. దాని పేరు కొట్టి, దొరికిందని సంబరపడింది నేనే.

"సరే సార్, తీసుకొస్తాను" అని ఫోన్ పెట్టేశాను. 

మర్నాడు తెల్లారగానే గ్రంథాలయానికి పోయాను. గది నిండా కొత్త బల్లలు ఉన్నాయి, బీరువా ఉన్న చోట ప్లగ్గులు బిగించారు. కుర్రవాడు నా ముఖం చూసి భయపడ్డాడు. "మీరు చెప్పాకే కదండీ పంపించాం" అన్నాడు. అతన్ని ఏమని అనను? పాత కాగితాల అంగడి ఎక్కడో అడిగి తెలుసుకుని అక్కడికి పోయాను. అంగడి భాయి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు.

"ఆ లోడు అప్పుడే పోయింది గదక్కా. మిల్లుకు పోతే ఇంగ గుజ్జే. ఏమన్నా రిజిస్ట్రేషన్ కాగితాలా?"

"కాదు భాయ్, పుస్తకం."

"పుస్తకమా! పుస్తకమైతే నెట్‌లో దొరకదా అక్కా?" అన్నాడు పాపం. అతను మంచికే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ఆ తర్వాత నాకు తెలిసిన విద్యంతా వాడాను. పిల్లలకు ఇచ్చే నా కాగితం నేనే ముందు పెట్టుకుని, అందులో రాసిన చోట్లన్నీ వెతికాను. సారు పేరుతో, కంభం పేరుతో, ఆ సర్కారు రిపోర్టు పేరుతో వెతికాను. ఎవరైనా మా గ్రంథాలయంలో లాగానే కలిపి కుట్టించి ఉంటారేమోనని ఆ రిపోర్టు స్కాన్లన్నీ చివరి పేజీ దాకా తిప్పాను. వెనక అట్ట వస్తుంది, అంతే. గిద్దలూరులో అడిగాను, కర్నూలుకు ఫోన్లు చేశాను, సారు పనిచేసిన బళ్లకు పోయాను. ఎక్కడా లేదు. ఛీ, ఏం చదువు నాది అని ఏడుపొచ్చింది. 

సారు మళ్లీ ఫోన్ చేశారు. ఆదివారం కంభానికి రమ్మన్నారు. నిజం చెప్పేయాలనే బస్సెక్కాను. దారి పొడుగునా ఆ మాటలు లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఇంటి ముందు సారు కోడలు ఎదురొచ్చింది. "పొద్దుటి నుంచి మీ కోసమే సూస్తాండాడు మేడం. ఇస్త్రీ సొక్కా కావాలని ఒకటే గొడవ" అని నవ్వింది. సారు వరండాలో కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కా, తల నున్నగా దువ్వుకున్నారు. నా అడుగుల చప్పుడు వినగానే ముఖం వెలిగిపోయింది.

"వచ్చినావా తల్లీ! దొరికిందా? ఫోన్లో తెచ్చినావా?"

 "తెచ్చినాను సార్" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ముఖం చూస్తూ ఇంకోమాట నోటికి రాలేదు. ఫోను తీశాను. తెర మీద మా కాలేజీ టైంటేబులు ఉంది. దాన్నే చూస్తూ చదవడం మొదలుపెట్టాను.

గుర్తున్నంత వరకు బాగానే నడిచింది. కరువులో చెరువు ఎండిపోతే ఆడవాళ్లు అడుగు బురదలో దిగి తామర దుంపలు తవ్వుకొచ్చి ఉడకబెట్టుకున్నారని సారు వాళ్లమ్మ చెప్పిన సంగతి. సారు కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. ఆ తర్వాత ఏముందో గుర్తు రాలేదు. ఆపితే దొరికిపోతానని నేనే కల్పించాను. కరువు కదా, ఏడుపు తప్ప ఇంకేం తోస్తుంది నాకు! "ఆ దుంపలు తవ్వుతా తవ్వుతా మేం ఏడ్చినాం నాయనా, మా కన్నీళ్లతోనే ఆ బురద తడిసింది" అని చదివాను.

సారు తల ఊపడం ఆగిపోయింది.

"మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. 

"ఇది నేను రాసింది గాదమ్మా" అన్నారు. కోపంగా అనలేదు, బళ్లో తప్పు లెక్కను చూసినట్టు అన్నారు. "మాయమ్మ అట్ల మాట్లాడదు. ఏడ్చినామని అనలా ఆమె. ఆ మాట చెప్తా చెప్తా పడీపడీ నవ్వింది. ఎందుకు నవ్విందో గూడ అడిగి రాసినా."

"ఎందుకు నవ్వింది సార్?" అన్నాను. ఏ బుద్ధితో అడిగానో!

"అది గుర్తుంటే నిన్నెందుకు సదవమంటానమ్మా?" అన్నారు. "నవ్వు ఒకటే గుర్తుంది నాకు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వడం. అది దేనికో ఎంత గింజుకున్నా రాదే! పుస్తకంలో ఉందిలే, ఒకసారి సదివించుకుంటే సరిపోతాదని ఊరుకున్నా ఇన్నాళ్లూ."

అప్పుడు చెప్పాను. కర్నూలు బీరువా సంగతి, ఫోను చూసి తీసేయొచ్చన్న సంగతి, కాగితాల లోడు సంగతి అన్నీ చెప్పాను. ఆ కుర్రవాడి మీదికి కొంచెమైనా నెట్టకుండా చెప్పానని నమ్ముతున్నాను.

 కోడలు టీ తెచ్చి మా ఇద్దరినీ చూసి, గ్లాసులు పెట్టి లోపలికి పోయింది.

"తెరిచి సూడలేదా?" అన్నారు సారు.

"లేదు సార్."

"నెట్‌లో పెట్టినావా, ఇప్పుడు సదివింది?"

"లేదు సార్. అది... యాడా రాయలేదు. నోటికొచ్చింది చదివినా."

"పెట్టొద్దు తల్లీ" అన్నారు. చేయి గాల్లో వెతికితే నా చేయి అందించాను, గట్టిగా పట్టుకున్నారు. "పోతే పోయింది. అది మాత్రం పెట్టొద్దు. మాయమ్మ ఏడ్చిందని లోకమంతా సదువుతాది."

తలూపాను. ఆయనకు కనపడదని గుర్తొచ్చి "పెట్టను సార్" అన్నాను.

ఆ పేజీని నేను కాలేజీ రోజుల్లో ఆ బీరువా పక్కన కూర్చుని చదివాను. సారు తర్వాత దాన్ని చదివినవాళ్లలో ఇప్పుడు నాకు తెలిసి మిగిలింది నేనొక్కదాన్నే. కంభం నుంచి తిరిగొచ్చే బస్సులో, ఆ తర్వాత ఇన్ని నెలలుగా, గుర్తు తెచ్చుకోవాలని చూస్తూనే ఉన్నాను. బురద గుర్తుంది. దుంపలు గుర్తున్నాయి. ఆమె ఎందుకు నవ్విందో మాత్రం నాకూ గుర్తులేదు.